కొండ దిగి వచ్చిన అడుగులు

అలిపిరిలో తెల్లవారితే ముందు గోవింద నామం, ఆ తరువాత చెంగయ్య చెంబు. చెంగయ్య డోలీ మేస్త్రీ. మెట్లెక్కలేని యాత్రికులను డోలీలో మోసే కూలీలంతా పొద్దున్నే అతని ముందు నిలబడాలి. నిండా నీళ్లున్న ఇత్తడి చెంబు భుజాన పెట్టుకుని ఇరవై అడుగులు నడవాలి. తొణికితే ఆ దినానికి ఇంటికే. మోసేది మనిషిని కదా మరి!

కొండకు బస్సుదారి వేస్తారని అందరూ చెప్పుకుంటున్న ఆ వేసవిలో మునస్వామి చెంబు తొణికింది. ఇరవై ఏళ్లుగా చెంగయ్యకు జోడీగా డోలీ ముందు బొంగు మోసిన మనిషి. అడుగులు చిన్నవైపోయినాయి. ఒళ్లు ముందుకు వంగింది. కుడిచెయ్యి ఊరికే వణుకుతోంది.

"ఏమప్పా, తెల్లారకముందే కల్లుపాకకు పోయొచ్చినావా?" అన్నాడు చెంగయ్య. కూలీలు నవ్వినారు.

"స్వామి సాక్షిగా తాగలేదు మేస్త్రీ."

"తాగనోడైతే నిలబడతాడు, సూడండి!" అని చెంగయ్య వెనకనుంచి భుజం పట్టి ఒక్క లాగు లాగినాడు. మునస్వామి కొట్టేసిన మానులా వెల్లకిలా పడినాడు. ముంజేయి విరిగింది.

ఇద్దరూ కలిసి మోసిన డోలీలోనే చెంగయ్య ఇంకొక కూలీతో అతన్ని ఊళ్లో డాక్టరు దగ్గరికి మోసుకుపోయినాడు. డాక్టరు కట్టు కట్టి, మునస్వామిని వరండాలో నడిపించినాడు. వెనక్కి తిరగమన్నాడు. తిరగడానికే పది అడుగులు పట్టింది. తరువాత తానూ భుజం పట్టి మెల్లగా లాగినాడు, రెండో చెయ్యి వీపు వెనకే సిద్ధంగా పెట్టుకుని.

"ఇది వణుకువాతం. కల్లు కాదు," అన్నాడు. చెంగయ్య వైపు తిరిగి, "లాగేవాడు పట్టుకోవడానికి కూడా నిలబడాల గదప్పా," అన్నాడు.

చెంగయ్య తప్పయిందని చెప్పడానికి కపిలతీర్థం దారిలోని మునస్వామి ఇంటిదాకా మూడుసార్లు పోయినాడు, మూడుసార్లూ వాకిలి చూసి తిరిగొచ్చినాడు. చెయ్యి అతుక్కున్నా మునస్వామి బయటికి రావడం లేదు. గడప దగ్గరికి వస్తే చాలు, పాదాలు నేలకు అంటుకుపోతాయి.

వినండి నాయనలారా, ఆ కార్తీకంలో మునస్వామి పాత అడుగులు కొండ దిగినాయి. ఇరవై ఏళ్లు మెట్ల మీద వేసిన పెద్ద పెద్ద అడుగులు, తడి ఆరని జాడలుగా వచ్చి, చెంగయ్య వాకిట్లో నిలబడినాయి. ఎవరికీ వింత కాలేదు. స్వామివారే దినమూ అమ్మవారి కోసం కొండ దిగి నడుస్తారు, ఆయన చెప్పులే అరిగిపోతాయి. ఆయన భక్తులను మోసినవాడి అడుగులు దిగి రావా? చెంగయ్య భార్య తిరుమలమ్మ వాటిని తప్పించి ముగ్గేసేది.

"తుడిచేస్తే పోవా?" అన్నాడు చెంగయ్య ఎనిమిదో దినం.

"పోయేవైతే నీ వాకిలికే ఎందుకొస్తాయి? వచ్చిన పనేందో సూడు."

చెంగయ్య తలకు గుడ్డ చుట్టుకున్నాడు. "పదండి," అన్నాడు అడుగులతో. తాను ముందు, అవి వెనక.

మునస్వామి భార్య పోలేరమ్మ వాకిట్లోనే ఎదురైంది. "చెంబు తెచ్చినావా మేస్త్రీ, మళ్లా కొలిచేదానికి?"

అడుగులు చెంగయ్యను దాటుకుని లోపలికి పోయి, మునస్వామి కాళ్ల ముందు బయటి వైపుకు వరసగా పరుచుకున్నాయి.

"నావే," అన్నాడు మునస్వామి. మొదటి దాంట్లో కాలు పెట్టినాడు. రెండో దాంట్లో పెట్టినాడు. గడప దాటినాడు.

ఆ అడుగుల వెంటే అలిపిరి చేరినాక మునస్వామి, "నీ చెంబు యాడప్పా?" అని అడిగినాడు. కూలీలందరూ చూస్తుండగా భుజాన పెట్టుకుని ఇరవై అడుగులూ నడిచినాడు. చెయ్యి వణికి సగం నీళ్లు ఒలికినాయి.

"తొణికింది మేస్త్రీ."

"తొణకనీ." చెంగయ్య చెంబు అందుకుని నేల మీద బోర్లించినాడు. కూలీల వైపు తిరిగినాడు. "ఈయప్ప ఆ దినం తాగలేదు. జబ్బు. తెలీకుండా నోరు పారేసుకున్నా, లాగి పడేసినా. మీరు నన్ను సూసి నవ్వండబ్బా."

ఎవరూ నవ్వలేదు. అప్పటికే అడుగులు మెట్లెక్కుతున్నాయి. వాటిలో కాలు పెట్టుకుంటూ మునస్వామి ఎక్కినాడు. ఒక మెట్టు కింద చెంగయ్య, రెండు చేతులూ చాపుకుని, కొండ కొసదాకా. తాకే అవసరం ఒక్కసారీ రాలేదు.

ఆ అడుగులు తరువాత మునస్వామి వాకిట్లోనే ఉండిపోయినాయి. ప్రతి శనివారం ఆయన వాటి వెంట కొండకు పోయేవాడు. "నీ మీద కోపం లేదప్పా," అని ఎన్నోసార్లు చెప్పినాడు కూడా.

అయినా చెంగయ్య పొద్దున్నే తలుపు తీస్తూనే ముందు నేలను చూసేవాడు. నేల పొడిగా ఉండేది. తిరుమలమ్మ మాత్రం, అతను అడగకుండానే, ముగ్గు మధ్యలో రెండు పాదాలంత చోటు వదిలిపెట్టేది.