తెర మీద పది సెకన్లు

శశికళ పోయిన రోజు సాయంత్రం, దండ వేయడానికి ఫొటో ఏదని ఎవరో అడిగారు. ఇంట్లో ఫొటో లేదు.

భావనారాయణ పెట్టె తీసి కూతురి ఫొటో కోసం అడుగు దాకా వెతికాడు. బడిలో తరగతి మొత్తానికి తీసిన ఫొటో ఒకటి ఉంది గాని, ఆ రోజు పిల్ల గవదబిళ్లలు వచ్చి ఇంట్లో పడుకుంది. ఆబిడ్స్‌లో స్టూడియోకి తీసుకెళ్దామని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నారు. ముందుపళ్లు పూర్తిగా వచ్చాక తీయిద్దామని భార్య జానకమ్మ ఆపింది. పరీక్షల పేపర్లు దిద్దడం అయ్యాక చూద్దామని తనూ ఆపాడు. పిల్లకి అప్పుడు ఎనిమిదేళ్లు. నాలుగు రోజుల జ్వరం. అంతే.

అతను గన్‌ఫౌండ్రీ దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు. యాభై ఏడులో బాపట్ల నుంచి వచ్చి, నాంపల్లి స్టేషను వెనక సందులో కిరాయికి దిగాడు. ఇంటి యజమాని రూబెన్ చేవుల్‌కర్ మేడ మీద ఉండేవాడు. టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. కొంకణం వైపు నుంచి వచ్చిన యూదుడు. జంటనగరాల్లో వాళ్లవి ఏడు కుటుంబాలు ఉండేవి.

నెల తిరిగాక ఒక పొద్దున, బియ్యం ఏరుతూ ఏరుతూ జానకమ్మ చేయి ఆపింది.

"ఏమండీ, రూబెన్‌గారు తీసిన సినిమాలో పిల్ల ఉంది కదూ?"

ఉంది. కిందటేడు వాళ్ల పర్ణశాలల పండక్కి మేడ మీద తాటాకులతో పందిరి వేశారు. పందిరికి పళ్లు వేలాడదీయడం వాళ్ల ఆచారం. ఆ పనికి సందులో పిల్లలందర్నీ పిలిచారు. రూబెన్ తన చిన్న కెమెరాతో అదంతా తీశాడు. శశికళ స్టూలెక్కి జామకాయ కట్టి, కెమెరా వైపు తిరిగి నాలుక బయటపెట్టింది. పది సెకన్లు ఉంటుందేమో. తర్వాత ఒకసారి మేడ గోడ మీద ఆ రీలు వేసి చూపించారు. భావనారాయణ చూశాడు. జానకమ్మ ఆ పూట పొయ్యి దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత రీలు తిప్పే మిషను చెడిపోయింది.

డిసెంబరులో ఆ ఏడు కుటుంబాలూ కలిసి ఆబిడ్స్‌లో ఒక హాలు మాట్లాడుకుని మూడు రోజుల సినిమా ఉత్సవం పెట్టుకున్నారు. బొంబాయి నుంచి సినిమాలు తెప్పిస్తున్నారు. మొదటి రోజు అన్నిటికంటే ముందు రూబెన్ తీసిన చిత్రం వేస్తారు. ఆ మాట తెలిసిన దగ్గర్నుంచి జానకమ్మ రోజులు లెక్కపెట్టుకుంది. చూపు ఆనడం లేదని, పిల్ల పోయిన ఆషాఢం తర్వాత మొదటిసారి గడప దాటి వెళ్లి కళ్లజోడు చేయించుకుంది.

ఉత్సవానికి నెల ముందు రూబెన్ కిందికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని టోపీ అంచు నిమిరాడు.

"మాస్టర్ సాబ్, రీలు బొంబాయికి పంపిస్తున్న. గాడ కోసి, అతికి, మంచిగ చేస్తరు." టోపీ ఒళ్లో పెట్టుకున్నాడు. "మా వాళ్లల్ల ఎవరన్న పోతే ఏడు రోజులు ఇంట్ల అద్దాలు గూడ కప్పుతం. మరి గంతమంది ముంగట పిల్ల నవ్వుతుంటే మీరిద్దరు కూసోని ఎట్ల చూస్తరు? మీకు కష్టమనిపిస్తే ఆ ముక్క తీసేయమంట. చెప్పుండ్రి."

ఉంచమని చెప్పాలి. ఒక్క మాట. జానకమ్మ పెరట్లో బావి దగ్గర ఉంది. వాళ్ల ఉత్సవంలో మన ఏడుపు పెట్టమని అడగడం ఏం మర్యాద అనిపించింది అతనికి. పెద్దమనిషి అడక్కుండానే ఉంచుతాడులే అనీ అనిపించింది.

"మీ ఇష్టమండీ" అన్నాడు.

రూబెన్ తలూపి లేచాడు. ఆ సంగతి భావనారాయణ భార్యకు చెప్పలేదు.

ఉత్సవం మొదటి రోజు సాయంత్రం ఇద్దరూ బయల్దేరుతుంటే, పక్క వాటాలో ఉండే పూలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏంది జానకమ్మా, ఏడాది గూడ తిరగలే, సినిమాకు పోతున్రా?"

"మామూలు సినిమా కాదు పూలమ్మా. మేడమీది వాళ్లది."

"గా యూదోళ్ల సినిమాల పాటలుంటయా?"

"ఉండవట."

"పాటల్లేని దానికి గంత దూరం నడుసుడెందుకు? ఇంట్ల కూసుంటె సాలదా!" అని, జానకమ్మ మొహం చూసి గొంతు తగ్గించింది. "పోయి రాండ్రి. చలి ఉన్నది, కొంగు కప్పుకో."

మొజంజాహీ మార్కెట్ దాటి ఆబిడ్స్ దాకా నడిచారు. జానకమ్మ దారిలో రెండుసార్లు కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుంది. హాల్లో డెబ్భై మంది దాకా ఉన్నారు. వాళ్లకది దీపాల పండగ రోజులట. వేదిక మీద ఒక ముసలాయన ప్రార్థన చదివి, వరసగా దీపాలు వెలిగించాడు. రూబెన్ దూరం నుంచి ఇద్దర్నీ చూసి, చేతులు జోడించి, చూపు తిప్పుకున్నాడు. భావనారాయణకు అప్పుడే అర్థమైంది. అయినా తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

దీపాలు పక్కకి జరిపి లైట్లు ఆర్పారు. మేడ కనబడింది. తాటాకులు. రూబెన్ భార్య నవ్వుతూ మొహం దాచుకుంది. సందులో పిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు. జానకమ్మ అతని చేయి పట్టుకుంది. స్టూలు కనబడింది. స్టూలు మీద ఎవరూ లేరు. పందిరి కింద ఒక జామకాయ, అప్పుడే ఎవరో కట్టినట్టు, అటూ ఇటూ ఊగుతోంది. తర్వాత భోజనాల బంతి వచ్చింది.

"ఇంకా రాలేదా?" అంది జానకమ్మ చెవి దగ్గర.

"చూడు" అన్నాడు.

ఆ చిత్రం అయిపోయింది. తర్వాతది వేరే దేశంలో పొలాలు, బడులు, ఓడ దిగుతున్న జనం. అందులోనూ పిల్లలు వచ్చినప్పుడల్లా జానకమ్మ ముందుకు వంగి, ఒక్కొక్క మొహాన్నీ వదలకుండా చూసింది.

లైట్లు వేశాక ఆమె చెప్పుల కోసం వెళ్లింది. భావనారాయణ రూబెన్ దగ్గరికి నడిచాడు. రూబెనే అన్నాడు:

"మీరు మీ ఇష్టం అన్నరు. అంటే చూడలేరని సమజైంది నాకు. గలత్ చేసిన్నా సాబ్?"

"ఆ ముక్క ఎక్కడుంది?"

"బొంబాయిల. కోసినయి అట్లనే పారేస్తరో, డబ్బాల ఏస్తరో… రేపే ఉత్తరం రాస్త." ఆయన భావనారాయణ చేయి పట్టుకున్నాడు. "దానికి ఇంకో కాపీ లేదు సాబ్."

తిరిగి వస్తూ నాంపల్లి స్టేషను ముందు దాకా నడిచారు. జానకమ్మ అక్కడ ఆగింది.

"నాదే తప్పు. కళ్లలో నీళ్లు తిరిగాయి. జోడు తీసి తుడుచుకున్నాను. అప్పుడే వచ్చి పోయినట్టుంది." అతని మొహంలోకి చూసింది. "మీరు చూశారా?"

చెప్పాల్సిన చోటు అదే.

"చూశాను" అన్నాడు.

"నవ్విందా?"

"నాలుక బయటపెట్టింది."

జానకమ్మ రోడ్డు మీదే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "వెధవ వేషాలు" అంది. "ఇంకొక్కసారి వేయమని రూబెన్‌గారిని అడగండి. ఈసారి కన్నార్పను."

"అడుగుతాను" అన్నాడు.

రూబెన్ బొంబాయికి మూడు ఉత్తరాలు రాశాడు. నాలుగు నెలలైంది, జవాబు లేదు. జానకమ్మ వారానికోసారి అడుగుతుంది. ఆయనకి తీరిక లేదని, మిషను బాగు చేయిస్తున్నాడని భావనారాయణ ఏదో ఒకటి చెబుతాడు. ఆ ముక్క తీసేశారని గాని, తీసేయనా అని రూబెన్ ముందే తనని అడిగాడని గాని ఆమెకి ఇప్పటికీ చెప్పలేదు.