ఏమీ వెయ్యని గుంట

నేను ఒక సూక్ష్మదర్శినిని. అందరూ మైక్రోస్కోపు అంటారు, దానికీ పలుకుతాను. మా జాతిలో చాలామంది పైనుంచి కిందికి చూస్తారు. నేను మాత్రం కిందినుంచి పైకి చూస్తాను. బతికున్న కణాలు ప్లేటు అడుగున అంటుకుని ఉంటాయి గనుక, వాటి కిందికి చేరితే తప్ప సరిగ్గా కనబడవు. ఎక్కడో చలిదేశంలో పుట్టి, చెక్కపెట్టెలో సముద్రం దాటి, హైదరాబాదులో ఒక పరిశోధనశాలకు చేరాను.

నా దగ్గరకొచ్చినవాళ్ల సంగతులు చెప్పాలంటే బోలెడు. కంటి కాటుక నా అద్దాలకు పూసి, మసగ్గా ఉందని నన్నే తిట్టినవాళ్లున్నారు. ముందే ఒకటి అనుకుని వచ్చి, అది కనబడేదాకా మరలు తిప్పినవాళ్లు ఇంకా ఎక్కువ. పోనీలెండి, మనుషులు!

డాక్టర్ ఇందుమతి అలా కాదు. అద్దం తుడిచి, ఊపిరి బిగబట్టి చూసేది. ఆమె పట్టుకున్న పని మూలకణాలది. మూలకణమంటే ఇంకా ఏమవ్వాలో తేల్చుకోని కణం. నరం కావచ్చు, ఎముక కావచ్చు, గుండె కావచ్చు. దాన్ని గుండె వైపు నడిపించే పదార్థమేదో కనిపెట్టాలి. అందుకని చిన్నచిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు తీసుకుని, అన్నింట్లోనూ ఒకే మనిషి కణాలు పోసి, ఒక్కో గుంటలో ఒక్కో పదార్థం వేసేది. చివరి వరసలో మాత్రం ఏమీ వేసేది కాదు. వేసినదాని మహిమ తెలియాలంటే వెయ్యనిది పక్కనుండాలి కదా.

ఆ కణాలిచ్చిన మనిషి పేరు దానియేలు. చీరాల కుర్రాడు, పుట్టుకతోనే గుండె కండరం బలహీనం. ఆస్పత్రిలో ఉండగా చేతిమీంచి చర్మం ముక్క ఇచ్చాడు. ఆ చర్మకణాల్నే వెనక్కి మళ్లించి మూలకణాలుగా మార్చారు. అవి ఇక్కడ పెరుగుతుండగానే అక్కడ అతను పోయాడు.

ఒకనాడు ఒక పదార్థం వేసిన గుంటలో కణాలు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. గదిలో పండగే! పెద్దాయన, ప్రొఫెసర్ రంగనాయకులుగారు, మిఠాయి తెప్పించారు. మర్నాడు చివరి వరస చూస్తూ ఇందుమతి ఉలిక్కిపడింది. ఏమీ వెయ్యని గుంట కూడా ఒకటి కొట్టుకుంటోంది. అయ్యో, ఆ పిల్ల కష్టమంతా నీళ్లపాలయిందే అనుకున్నాను. ఏమీ వెయ్యకుండానే కొట్టుకుంటే, ఇక ఆ పదార్థం చేసిందేమిటట?

"పొరపాటున ఏదో చుక్క పడి ఉంటుంది. దాన్ని పారెయ్యమ్మా, లెక్కలోకి వద్దు," అన్నారు రంగనాయకులుగారు. చెడ్డమనిషి కాదు. ఈ ఫలితం లేకపోతే ఆమె ఉద్యోగం నిలవదు, అదీ ఆయన బాధ. ఇందుమతి కణాల్ని చంపే బ్లీచింగ్ నీళ్ల సీసా తెచ్చి పక్కన పెట్టుకుంది. మూత మాత్రం తియ్యలేదు.

సరిగ్గా అప్పుడే వచ్చింది రూతమ్మ, దానియేలు అక్క. తల్లి పోయాక వాణ్ని పెంచింది ఆవిడే. చర్మం తీసిన రోజే, తమ్ముడి కణాలు ఒక్కసారి చూపిస్తానని ఇందుమతి దగ్గర మాట తీసుకుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, కొంగు చుట్టూ లాక్కుని నా ముందు కూర్చుంది. నా మీద అప్పటికి ఆ గుంటే ఉంది. ఇందుమతి దాన్ని జరపలేదు.

ఆవిడ చాలాసేపు చూసింది. కన్నీళ్లతో నా అద్దాలు తడిసిపోయాయి. ఆ ఒక్కసారి మాత్రం నేను విసుక్కోలేదు.

"ఇది మావాడి గుండేనా అమ్మా?"

"గుండె కాదక్కా. గుండెలో ఉండేలాంటి కణాలు. దానియేలువే."

"ఏం మందేశారు దీనికి?"

"దీన్లో ఏమీ వెయ్యలేదక్కా."

రూతమ్మ చప్పున తలెత్తింది. "వాడంతేనమ్మా. అన్నం వడ్డించబోతే, నువ్వు కూర్చో అక్కా, నేనే పెట్టుకుంటాలే అనేవాడు. మంచాన పడ్డాక కూడా అదే మాట." నవ్వబోయి భోరుమంది.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "ఎప్పుడో ఒకప్పుడు ఇదీ ఆగిపోద్ది కదా. అప్పుడు నాకు చెప్పమాకండి. ఒకసారి విన్నాను, చాలు."

ఇందుమతి సీసా తీసి బీరువాలో పెట్టేసింది. "పొరపాటున ఏమీ పడలేదు సార్. దానంతటదే కొట్టుకుంది. లెక్కలో ఉంటుంది," అంది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "అయితే మొదట్నుంచీ చెయ్యాలి," అన్నారు. చేసింది. ఆ పదార్థం ఉత్తదేనని తేలింది. ఉద్యోగం ఊడినంత పనయింది. ఇంకో పదార్థం కోసం వెతుకుతుండగానే, తనంతట తానే ఫొటోలు తీసే యంత్రమొకటి నా చోటుకి వచ్చింది.

ఇప్పుడు స్టోరు గదిలో, విరిగిన కుర్చీల పక్కన, గుడ్డ కప్పుకుని ఉన్నాను. ఇక్కడ చూడ్డానికేమీ లేదు గనుక చూసినవే నెమరేసుకుంటాను. ఇందుమతి ఆ గుంటను ఎన్నాళ్లో సాకింది. ఒక పొద్దున కదలిక లేదు. మర తిప్పింది, అద్దం తుడిచింది, మళ్లీ చూసింది. ఫోను చేతిలోకి తీసుకుని, రూతమ్మ నంబరు దాకా వెళ్లి, పక్కన పెట్టేసింది.

ఆ క్రిస్మస్‌కి, నేనింకా బల్లమీద ఉండగానే, రూతమ్మే ఫోను చేసింది; ఇందుమతి నా పక్కనే స్పీకరులో పెట్టి మాట్లాడింది. తమ్ముడి మాట ఎత్తలేదు. "అన్నం తిన్నావా అమ్మా?" అనడిగింది.

"తిన్నానక్కా. నేనే పెట్టుకున్నా," అంది ఇందుమతి.

"మంచిదమ్మా, వేళకి తింటా ఉండు," అంది రూతమ్మ. ఆ గుంట ఇంకా కొట్టుకుంటోందా అని మాత్రం అడగలేదు.