చెవుల మేస్త్రి గరిటె

చెవుల మేస్త్రి చెక్క గరిటె తలని చెవికి ఆనించుకుని, కాడ కొసని కారు తలుపుకి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. పాట మంద్రంలోకి దిగినప్పుడల్లా స్పీకరు గరగరమంటోందని కారు తెచ్చిన సంగీతం టీచరు చెప్పింది. మేస్త్రికి పాట వినిపిస్తోంది గానీ గరగర వినిపించడం లేదు.

ముప్పై ఏళ్ళ కిందట భార్య వంటింట్లోంచి ఎత్తుకొచ్చిన గరిటె అది. ఆవిడ అడుగుతూనే ఉంది, ఈయన రేపు తెస్తానంటూనే ఉన్నాడు. బక్కపలచటి మనిషి. జేబులో నల్ల టేపు చుట్ట. వైర్ల తొడుగు కొరికి కొరికి ముందు పన్ను మీద చిన్న నొక్కు పడింది. కారు పాట బుస్సుమన్నా, ఒక పక్క మూగబోయినా, చెవితోనే లోపం పట్టేస్తాడని అందరూ ఆయన షెడ్డుకే వచ్చేవారు.

రెండేళ్ళుగా ఆయన వినికిడి తగ్గుతోంది. ఎవరికీ తెలియదనుకున్నాడు. కానీ పక్కనే పనిచేసే వైరింగ్ అమ్మాయికి తెలిసిపోయింది. అమ్మాయంటారు గానీ ఆమెకి నలభై దాటాయి. ఈయన ఏ కారు దగ్గర తటపటాయించినా, ఏదో పనున్నట్టు అటు వచ్చి, చెడిపోయిన చోట రెండు వేళ్ళతో తట్టి వెళ్ళిపోయేది. ఈయన చూడనట్టే చూసేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు సాగిందా వ్యవహారం.

ఇవాళ్టితో పని మానేస్తున్నాడు. ఆఖరి కారైనా సొంతంగా పట్టుకోవాలి. లేకపోతే ఇన్నేళ్ళ పేరూ ఆమె వేళ్ళ చలవేనని తనకే అనిపిస్తుంది.

“అమ్మాయ్, ఇందులో మాత్రం వేలు పెట్టకు.”

“చేతులు కట్టుకునే ఉన్నాగా బాబాయ్!”

ఎర్త్ వైరు బిగించాడు. వెనక స్పీకరు మార్చాడు. “ఇప్పుడెలా ఉందమ్మా?” అని అడిగితే, “అలాగే ఉందండీ,” అంది టీచరు, తప్పు తనదే అన్నట్టు. రెండు గంటలు గడిచాయి. గోడకి ఆనుకున్న వైరింగ్ అమ్మాయి అవస్థ చూడాలి. తట్టకుండా ఉండలేక చేతులు చంకల్లో దాచుకుంది.

చివరికి తలుపు లోపలి అట్ట బిగింపు చూద్దామని, రెండు చేతులూ కావలసి, మేస్త్రి గరిటె కాడని పళ్ళ మధ్య కరిచిపట్టాడు. వంగేసరికి గరిటె తల తలుపుకి తగిలింది. అంతే, గర్ర్‌మని దవడలోంచి పుర్రెలోకి పాకింది శబ్దం! ఒళ్ళు ఝల్లుమంది. కదిలితే పోతుందేమోనని భయపడుతూ, కాడ కరిచే, తలుపు మీద అంగుళం అంగుళం జరిగాడు. కింది మూల దగ్గర పళ్ళు జివ్వుమన్నాయి.

అట్ట విప్పితే, స్పీకరు వెనక అయస్కాంతానికి అతుక్కుని ఒక తలపిన్ను.

“అయ్యో, నాదే! ఇది పోయిందని మా చెల్లెలితో నెల్లాళ్ళు మాటల్లేవండీ!” అంది టీచరు.

“అద్దం సందులోంచి జారిందమ్మా. ముందు ఆ చెల్లెలికి ఫోన్ చెయ్యండి.”

ఆవిడ నవ్వుకుంటూ పాట పెట్టుకుని వెళ్ళిపోయింది. మేస్త్రికి చిన్నపిల్లాడిలా గంతెయ్యాలనిపించింది.

“నేను డాష్‌బోర్డులో అనుకున్నా బాబాయ్,” అంది వైరింగ్ అమ్మాయి. నిజమో, తన కోసం అందో, ఆయన అడగలేదు.

“ఈ రెండేళ్ళూ నువ్వు…”

“ఏ రెండేళ్ళు?” అందామె, వైరు చుడుతూ.

ఆయన చేతులు కడుక్కుని, టేపు చుట్ట ఆమె బల్ల మీద పెట్టాడు.

“గరిటె మర్చిపోయావు. పిన్ని అడగదూ?”

“ముప్పై ఏళ్ళు అది లేకుండానే వండింది, ఇప్పుడెందుకట? తిట్లు నేను తింటాలే. నీకూ చెవులు తగ్గే రోజు వస్తుంది, అప్పుడు దీన్ని పళ్ళతో కరిచి పట్టుకో.”

నవ్వుతూనే గేటు దాటాడు. ఆమె గరిటెని గోడ మేకుకి తగిలించింది. కాడ కొసన లోతుగా పంటి గాటు, దాని నడుమ నొక్కు పన్ను వదిలేసిన చిన్న ఖాళీ, ఇంకా తడి ఆరలేదు.