నిండు బాబిన్

బట్ట కత్తిరించడంలో మావయ్యకు తిరుగులేదు. ఆ ఒక్క విద్యతో లోకంలోని మిగతావన్నీ తనకు వచ్చేసినట్టేనని ఆయన నమ్మకం.

"లాటరీలో చివరంకెగా నాలుగు వచ్చి ఎన్నాళ్లయింది? తొమ్మిది పోయిన వారమే వచ్చేసింది, అంటే దాని దారం అయిపోయినట్టే. మిషన్లో వాడని బాబిన్ దారంతో నిండుగా ఉంటుందా, ఉండదా? ఈసారి నాలుగే అక్కా!"

అక్క కుట్టుకొట్టులో ఉన్నవి రెండే మిషన్లు. అంచులు కుట్టేదాన్ని అమ్మి, చివర నాలుగున్న టికెట్లన్నీ కొనేద్దామంటాడు.

మేనకోడలు ఆ ఇంట్లో మొదటి డిగ్రీ. గుండీల మీద సుద్దతో అంకెలు రాసి డబ్బాలో వేసింది. ఒకటి తీసి చూపించి, మళ్లీ లోపల పడేసి గలగలలాడించింది.

"తను ఇందాకే బయటికొచ్చానని ఈ గుండీకి గుర్తుంటుందా మావయ్యా? ప్రతిసారీ అన్నిటికీ సమాన అవకాశమే."

"గుండీలకీ లాటరీకీ పోలికేంటే పిచ్చిదానా!"

బాబిన్‌తో మాత్రం భేషుగ్గా పోలిక కుదిరింది కాబోలు! ఆమెకు ఒళ్లు మండింది.

"నువ్వైనా చెప్పమ్మా" అంది తల్లితో.

"తమ్ముడు అంత గట్టిగా చెబుతున్నాడు కదే" అంది తల్లి. గట్టిగా చెప్పడమే రుజువైతే కొట్టు ముందు కూరగాయలమ్మేవాడు మహా పండితుడు. సాయంత్రానికల్లా మిషను గడప దాటింది.

లాటరీ ఫలితం వచ్చింది. చివరంకె మళ్లీ తొమ్మిది.

మావయ్య మొహం వాడిపోతుందేమోనని మేనకోడలు చూసింది. వాడిపోతే ఆయన మావయ్య ఎలా అవుతాడు?

"చూశావా అక్కా, నాలుగు ఇంకా రాలేదు! అంటే ఇంకా నిండింది. వచ్చే వారం దాన్ని ఆపేవాడు లేడు" అంటూ మిగిలిన మిషను మీద చెయ్యి వేశాడు.

తల్లి ఆ చేతిని చూసింది. అంచులు వేయక మూలన పోగుపడిన జాకెట్లను చూసింది. స్టూలు లాక్కుని మిషనుకు అడ్డంగా కూర్చుంది.

"రాని కొద్దీ నిండుతుందన్నావుగా తమ్ముడూ?"

"అవును మరి!"

"అయితే తొందరేం? ఇంకో పదేళ్లు కొనకుండా ఆగు, బాగా నిండనీ. చెయ్యి తియ్యి, సూది దిగుతుంది."

మావయ్య చెయ్యి తీశాడు. మేనకోడలు సూదీదారం అందుకుని, ఆ జాకెట్ల అంచులు చేత్తో కుట్టడానికి కూర్చుంది.