ఏమీ లేని కాడ

సమాధికి సున్నం వేయించాలి, పాస్టరు గారికి చెప్పాలి, షామియానా కిరాయికి తేవాలి. తండ్రి బక్కయ్య పోయి ఏడాదైన సందర్భంగా పెట్టిన జ్ఞాపకార్థ కూడికకు ఈ పనులన్నీ గ్లోరీ ఒక్కతే చేసింది. ఆమె రామన్నపేట కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది.

చుట్టాలు వెళ్లిపోయాక తల్లి బిక్షమ్మ అడిగింది.

"ఏమీ లేని కాడ దేవుడు లోకాన్ని చేసిండని పాస్టరయ్య చెప్పిండు గదా బిడ్డా. సదువుకున్నదానివి, నిజమేనా?"

"ఎవ్వరికీ తెల్వదమ్మా. ఎందుకు?"

"నిజమైతే మీ బాపును మళ్ల చేసుడు ఆయనకు పెద్ద పనా?"

అవునంటే అమ్మ మనసు కుదుటపడుతుంది. కానీ తెలియనిదాన్ని తెలుసని చెప్పడం గ్లోరీకి చేతకాలేదు.

"తెల్వదన్నవు, కాదనలేదు. గది చాలు," అంటూ బిక్షమ్మ చాప మీద ఓ పక్కకు జరిగి, రెండో పక్క జాగా విడిచి నడుం వాల్చింది.

ఆ జాగాలో కూర్చోవడానికి గ్లోరీకి మనసొప్పలేదు.

మీరు ప్రార్థన చేసేవారైతే బిక్షమ్మను జ్ఞాపకం చేసుకోండి. చేయనివారైనా ఒకసారి తలుచుకోండి.