కాలు దించిన రోజు

"ఐదా? ఇన్నాళ్ళూ మూడే కదండీ వేసింది?" అంది ఆమె, సైకిలు హ్యాండిలు రెండు చేతులా బిగించి పట్టుకుని.

బేకరీ ఓనరు ఆ మాట విననట్టే నాలుగో ట్రే ఎత్తించాడు. వెనక కట్టిన రేకు పెట్టెలో పట్టేది మూడు ట్రేలే. నాలుగోదీ ఐదోదీ పైన పెట్టి తాడుతో బిగించాలి. అప్పటికే ముందు చక్రం నేల విడిచి లేవాలని చూస్తోంది. పొయ్యి వైపు ఒళ్ళు కాలిపోతోంది, గుమ్మం వైపు చలి కోస్తోంది. ఆ రెంటి మధ్యా నిలబడి ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది.

"నేర్చుకుంటున్నావు కదా అని మూడు వేశాను. ఇక నేర్చుకున్నది చాలు. ఈ లైనుకి ఐదు. మీ ఆయన ఐదూ వేసుకుని, కాలు కింద పెట్టకుండా ఆసుపత్రి గేటు దాకా పోయేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు, తెలుసా?"

"తెలుసండి."

"మరింకేం? ఇంజను భార్యవి, ఆ మాత్రం లాగలేవా? లాగలేనంటే చెప్పు, బలవంతమేం లేదు. లైను కావాలని అడిగేవాళ్ళకి కరువా?"

బలవంతం లేదట! మెడ మీద కత్తి పెట్టి, కదలడం కదలకపోవడం నీ ఇష్టం అన్నట్టుంది. ఇంటి దగ్గర పాప పక్కింటావిడ చాప మీద పడుకుని ఉంది. ఆ పాపకి సాయంత్రం అన్నం పెట్టేది ఈ లైనే.

ఐదో ట్రేని పొయ్యి మేస్త్రి ఎత్తాడు. తాడు ముడి వేస్తూ, ఓనరుకి వినపడకుండా అన్నాడు. "మిట్ట దగ్గర దిగి నెట్టుకుంటూ పో అమ్మాయ్. ఎవరేమన్నా పట్టించుకోకు."

"దిగితే ఆలస్యమైపోతుంది బాబాయ్. ఆలస్యమైతే ఆసుపత్రి క్యాంటీనువాళ్ళు తీసుకోరు."

మేస్త్రి ముడి మీద ముడి వేశాడు. ఇంజనుకీ అన్నాళ్ళూ ఆయనే వేసేవాడు ఆ ముళ్ళు.

ఇంజను అనే పేరు ఆమె భర్తకి మిట్ట పెట్టింది. ఆసుపత్రికి పోయే దారి నడుమ పెద్ద మిట్ట ఉంది. సగం మిట్ట ఎక్కాక టీకొట్టు. పొద్దున్నే అక్కడ డ్యూటీ దిగిన కాపలావాళ్ళు, బస్సు కోసం చూసేవాళ్ళు, రోగుల బంధువులు గుంపుగా ఉంటారు. రొట్టెల సైకిళ్ళు ఆ మిట్ట ఎక్కుతుంటే చూడడం వాళ్ళకి కాలక్షేపం. ఎవడైనా మధ్యలో కాలు దించాడా, "దించాడ్రోయ్!" అని అందరూ గోలగోల చేస్తారు. దించినవాడు అందరికీ టీలు పోయించాలి. ఎవరు పెట్టారో తెలీదు గానీ ఆ రివాజు అలా సాగుతోంది. ఇంజను మాత్రం ఎన్నడూ కాలు దించలేదు. అందుకే అతనికి ఈలలు, చప్పట్లు, "శభాష్ ఇంజనూ!" అన్న కేకలు.

మొదట్లో అతనికీ మూడే ట్రేలు. ఓ రోజు ఓనరు టీకొట్టు దగ్గర కారాపి ఆ సంబరం చూశాడు. తనూ కిందికి దిగి చప్పట్లు కొట్టాడు. మర్నాటి నుంచి నాలుగు. కొన్నాళ్ళకి ఐదు. చప్పట్లకి ఖర్చేముంది, చేతులున్న ప్రతివాడూ కొట్టొచ్చు. కూలి మాత్రం ఉన్నచోటే ఉంది. పైగా "ఇంజను ఐదు లాగుతుంటే మీకు నాలుగు బరువా?" అని మిగతా సైకిళ్ళ మీదా ట్రేలు పెరిగాయి. నలుగురూ కలిసి మనిషిని మునగచెట్టు ఎక్కించారు, ఓనరు ఆ చెట్టు కాయలు కోసుకున్నాడు.

అలాగని అతన్ని ఏమనడానికీ ఆమెకి నోరు రాదు. పుట్టి బుద్ధెరిగాక అంతకు ముందు అతన్ని ఎవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఇంటికొచ్చి గోడకి చేరగిలబడి, వణుకుతున్న కాళ్ళు చాపుకుని, ఎవరేమన్నారో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. "ఇవాళ ఓ నర్సమ్మ ఏమందో తెలుసా? నీలాంటివాడు మా వార్డులో ఒక్కడుంటే రోగులందరూ లేచి కూర్చుంటారంది!" చెబుతూ చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. ఆమె పిక్కలు పిసుకుతూ వినేది. దారిలో ఎవరైనా వెక్కిరిస్తే ఏం చేస్తావని ఒకసారి అడిగింది. "బెల్లు కొడతా. మాటకి మాట ఇస్తే ఊపిరి దండగ కదే. ట్రింగుమనిపించి వెళ్ళిపోతా" అన్నాడు.

తర్వాత గుండెలో పట్టేసినట్టు ఉండడం మొదలైంది. దిగి నెట్టుకుంటూ పొమ్మని చెవినిల్లు కట్టుకుని పోరింది. "అంతమంది చూస్తుండగా ఎలా దిగనే?" అనేవాడు. ఆఖరి రోజు పొద్దున అడ్డం నిలబడి, తన చెయ్యి తన నెత్తిన పెట్టుకుని అంది. "నా మీద ఒట్టు. ఇవాళ దిగకపోతే నా మొహం చూడకు." అతను సరేననలేదు, కాదనలేదు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళాడు. మళ్ళీ ఆమె మొహం చూడలేదు.

మిట్ట మీది మలుపులో పడిపోయాడని కబురొచ్చింది. ఆసుపత్రి గోడ పక్కనే పడ్డాడు, లోపలికి తీసుకెళ్ళేసరికి ఏమీ మిగల్లేదు. అప్పటినుంచి ఆమె ఏడుపులో సగం కోపమే. నా ఒట్టు కన్నా నీకు వాళ్ళ చప్పట్లే ఎక్కువయ్యాయా అని రోజూ ఫొటోని నిలదీసేది.

ఇప్పుడు అదే సైకిలు మీద, అదే బరువుతో, ఆమె. దారి పొడుగునా మాటలే. "రొట్టెలమ్మా, మమ్మల్నీ ఎక్కించుకో!" అన్నారు అరుగు మీది కుర్రాళ్ళు. బెల్లు కొట్టింది. "ఆడదానివి, నీకెందుకు తల్లీ ఈ అవస్థ?" అంది చీపురు పట్టుకున్న ముసలావిడ. దానికీ బెల్లు కొట్టింది.

మిట్ట మొదట్లోనే సీటు మీంచి లేచి నిలబడి తొక్కింది. వెనక నుంచి ఐదు ట్రేలు కిందికి గుంజుతున్నాయి.

"ఇంజనమ్మ వస్తోంది రోయ్!" టీకొట్టు దగ్గర ఎవరో కేకేశారు. గ్లాసులు కింద పెట్టి అందరూ రోడ్డు వారకి వచ్చారు. "తొక్కమ్మా తొక్కు! ఇంకొంచెమే! శభాష్!" ఈలలు, చప్పట్లు.

సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆమెకి బాగుంది. తొడలు మండిపోతున్నా ఎక్కడినుంచో బలం వచ్చింది. నాలుగు తొక్కులు వేసింది. ఓహో, ఇదా నువ్వు చెప్పింది అనుకుంది మనసులో. ఇంకో నాలుగు వేసింది. గుండె చెవుల్లో దబదబా కొట్టుకుంది. కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. ఆ చీకట్లో చాప మీద ముడుచుకున్న పాప కనిపించింది.

కాలు దించింది.

"దించిందోయ్! టీలు, టీలు!" అంతా గొల్లుమన్నారు. టీకొట్టతను నవ్వుతూ ముందుకొచ్చి సైకిలు పట్టుకున్నాడు. "పర్లేదమ్మా, నేను తోస్తా, ఎక్కు. మీ ఆయన కూడా ఆవేళ ఇలాగే..." అని నాలిక కరుచుకున్నాడు.

"మా ఆయన కూడా?"

అతను తల దించుకున్నాడు.

"చెప్పన్నా. మా ఆయన కూడా, ఏంటి?"

"దించాడమ్మా ఆ రోజు." అతను రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. "ఇదిగో, ఇక్కడే. దించి హ్యాండిలు మీద తలానించాడు. ఎప్పుడూ దించనివాడు దించాడని మేం ఒకటే గోల. ఇంటావిడ ఒట్టు పెట్టింది, ఇవాళ నెట్టుకుంటూ పోతానన్నాడు. పెళ్ళానికి భయపడ్డావురా ఇంజనూ అని నేనే అన్నాను. అందరూ ఇంజనూ ఇంజనూ అంటూ చప్పట్లు కొడుతుంటే, పాపం, నవ్వి మళ్ళీ ఎక్కాడు. ఆ మలుపు తిరిగేదాకా కొడుతూనే ఉన్నామమ్మా. తర్వాత ట్రేలు పడిన చప్పుడు వినపడింది."

గుంపులో నవ్వులు ఆగిపోయాయి.

ఆమె రోడ్డు మీదే చతికిలబడింది. విన్నాడు. తన మాట విన్నాడు. కాలు దించాడు, ఇదిగో ఈ నేల మీద. ఆ సంగతి తెలీక ఇన్ని రోజులు పోయిన మనిషిని పట్టుకుని తిట్టింది. నేల మీద అరచెయ్యి ఆనించి, వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరూ దగ్గరికి రాలేకపోయారు.

"మేం మంచికే అన్నాం తల్లీ" అన్నాడు టీకొట్టతను.

"తెలుసన్నా. చెడ్డకి అనుంటే బెల్లు కొట్టి నెట్టుకుంటూ పోయేవాడు. బతికేవాడు."

కాసేపటికి లేచింది. మేస్త్రి వేసిన ముళ్ళు పళ్ళతో లాగి విప్పింది. పైనున్న రెండు ట్రేలూ ఒకదాని తర్వాత ఒకటి దించి టీకొట్టు బల్ల మీద పెట్టింది.

"మా ఓనరు టీకి వస్తే చూపించు. నేను లాగేది మూడే. అవీ నెట్టుకుంటూ పోతా."

"లైను పీకేస్తాడమ్మా!"

"పీకనీ. మా పాపకి నేనొక్కదాన్నే మిగిలాను."

రేపేం చేస్తుందో ఆమెకీ తెలీదు. సైకిలు నెట్టబోతుంటే మిట్ట కింద నుంచి గొలుసు కీచుమన్న చప్పుడైంది. బేకరీలోనే పనిచేసే బక్కోడు, నాలుగు ట్రేలతో, నిలబడి తొక్కుతూ వస్తున్నాడు. మొహమంతా చెమట, నోరు తెరుచుకుని ఉంది. టీకొట్టు దగ్గరకొచ్చేసరికి అలవాటుగా తలెత్తి జనం వైపు చూశాడు.

టీకొట్టతని చేతులు రెండూ వాటంతటవే పైకి లేచాయి, కలవకుండానే ఆగిపోయాయి. ఎవరూ ఈల వెయ్యలేదు. ఏమైందో అర్థంకాక బక్కోడు ఒక్కొక్క మొహమూ చూసుకుంటూ ఇంకో తొక్కు తొక్కాడు. సైకిలు పక్కకి తూలింది.

"దించు తమ్ముడూ" అంది ఆమె.

బక్కోడి ఎడమకాలు పెడలు మీంచి లేచింది. వాడు ఆమె వైపు చూశాడు, బల్ల మీది ట్రేల వైపు చూశాడు. కాలు ఇంకా గాల్లోనే ఉంది.