గంట మోగితే అది వాడికే

అరిమా ఊళ్లోని మా షెడ్డులో ఫోను మోగితే ఎవరికీ వినిపించేది కాదు. నూనె పీపాల అడుగులను సుత్తులతో కొట్టి లోతు చేసే మనుషులు నలుగురున్న చోట ఫోను పాపం ఎంతని అరుస్తుంది? ఫోన్లు, లెక్కలు చూసే మెర్లీన్ ఆఫీసు గదిలో లేనప్పుడు బల్ల మీద తన మానాన తను మోగి, విసుగెత్తి ఊరుకునేది.

మేం చేసేవి స్టీల్ పాన్‌లు, పుల్లలతో వాయించే వాద్యాలు. పీపాను గిన్నెలా లోపలికి కొట్టి, అందులో స్వరాలు గీసి, ఒక్కో స్వరాన్నీ సుత్తితో శ్రుతికి తెస్తాం. ఆ ఆఖరి పని చేసేది ఇద్దరమే. ఒకడు కెర్విన్, రెండోవాణ్ణి నేను, లీరీని. మొన్నమొన్నటిదాకా నేనే మొదటివాణ్ణి. కెర్విన్‌కు సుత్తి పట్టుకోవడం నేర్పింది కూడా నేనే. ఏకు మేకై కూర్చోవడమంటే ఏమిటో ముప్పై ఏళ్ల వాణ్ణి పక్కబల్ల దగ్గర పెట్టుకుని తెలుసుకున్నాను.

టొరంటో నుంచి ఎవరో మూడు రోజులు వరసగా ఫోను చేసి, దిక్కులేక ఉత్తరం రాశారట. మా యజమాని సీపర్సాద్ గారు తల పట్టుకుని, మర్నాడే ఫోనుకు తగిలించే సరంజామా తెచ్చారు. శ్రుతి గదిలో మా ఇద్దరి బల్లల పైనా చెరో పెట్టె బిగించారు. ఫోను రాగానే ఆ పెట్టె గంట కొడుతుంది, దాని నెత్తిన ఎర్రదీపం తళుక్కుమంటుంది. గంట కావాలా, దీపం కావాలా, రెండూ కావాలా అన్నది పక్కనున్న మీట నొక్కి మనమే పెట్టుకోవచ్చు. గంట అంటున్నాను గానీ, నిజానికి అది ఒకే స్వరం పట్టుకుని సాగదీసే కూత.

మా పనిలో ఒక కట్టుబాటుంది. శ్రుతి చేసేవాడి దగ్గర ఎవరూ ఈల వేయకూడదు, కూనిరాగం తీయకూడదు. సుత్తిమోతకు స్వరం లేదు కనుక అది చెవిని పాడుచేయదు. ఈల పాడుచేస్తుంది. ఓసారి సీపర్సాద్ గారి బావమరిది పాట పాడుకుంటూ లోపలికొస్తే రెక్క పట్టుకుని బయటికి నడిపించాను.

కెర్విన్ వచ్చీ రాగానే తన పెట్టె మీట దీపానికి మార్చేశాడు. "నాకు గంటొద్దు సార్. వెలిగితే చాలు," అన్నాడు సీపర్సాద్ గారితో.

"నాకు గంటే కావాలి. నా చెవి ఒక గంటకి చెడిపోయే రకం కాదు," అన్నాను.

"మాస్టారూ, అది సాగదీసి కూస్తుంది. మీరు శ్రుతి చూపించే యంత్రం పెట్టుకోకుండా చెవితోనే చేస్తారు కదా, మీకసలు పనికిరాదు..."

"నువ్వు యంత్రం చూసి చేసేవాడివి. చెవి సంగతి నువ్వు నాకు చెప్తావా?"

వాడు చెవుల్లో దూది పెట్టుకుని తన పాన్ మీదికి వంగాడు. నాకు గంట ఎందుకు కావలసి వచ్చిందో వాడికి తెలియదు. ఫోను ఎవరికొచ్చిందో ప్రతిసారీ వినాలని నా ఆరాటం. నాకొక్క ఫోను రావలసి ఉంది మరి.

పక్క దీవి టొబాగోలో ఒక ఆడపిల్లల బడి ఉంది. పదిహేడేళ్లుగా వాళ్ల బ్యాండు పాన్‌లన్నీ నా చేతి మీదుగా వచ్చినవే. పాతవి అరిగినప్పుడల్లా బ్యాండు టీచరు మిస్ క్వాషీ ఫోను చేసి, "లీరీతో చేయించండి," అని పేరు పెట్టి అడిగేది. ఈ ఏడాది పాట వరస వాయించే టెనర్ పాన్‌లు ఆరు మార్చాలని విన్నాను. ఆమె కూడా కెర్విన్ పేరే చెబితే నేనిక సుత్తి గోడకు తగిలించి, వాకిట్లో కూర్చుని కోళ్లను అదిలించుకోవచ్చు.

గంట మోగేది. నేను తలెత్తేవాణ్ణి. మెర్లీన్ గుమ్మంలోంచి అరిచేది.

"కెర్విన్! నీకే! జపాన్ నుంచి!"

మళ్లీ మోగేది. "కెర్విన్, నీకే!" ఒక బుధవారం పొద్దున్నే తొమ్మిదిసార్లు వాడికే. వీధి చివర డబుల్స్, అంటే శనగల కూర పెట్టిన రొట్టెలు, అమ్మే ముసలాయన కూడా ఆఫీసుకు ఫోను చేసి కెర్విన్‌కు కారం ఎంత వేయమంటారని అడిగాడు! నా కడుపులో మంట ఇంతా అంతా కాదు. వాడికి పేరొచ్చినందుకు కాదు, వాడు ఆ ఫోన్ల కోసం ఎదురుచూడకపోయినా వస్తున్నందుకు. దీపం వెలిగినా వాడు చూసుకునేవాడు కాదు. చెవుల్లో దూది, కళ్లు పాన్‌లో. మెర్లీన్ వచ్చి భుజం తట్టాల్సిందే.

చివరికి ఓ శుక్రవారం మెర్లీన్ గొంతు మారింది. "లీరీ! ఏమయ్యోయ్, నీకే! టొబాగో!"

నేను సుత్తి కింద పడేసి పరిగెత్తాను. మిస్ క్వాషీ నా పేరే చెప్పింది. తిరిగొస్తూ కెర్విన్ బల్ల ముందు నుంచి కావాలనే చుట్టూ తిరిగి వచ్చాను. వాడు నవ్వి, "మంచిది మాస్టారూ," అన్నాడు. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు.

మూడు వారాలు ఆ ఆరు పాన్‌ల మీదే ఉన్నాను. గంట మోగుతూనే ఉంది, వాడికి వస్తూనే ఉన్నాయి, నేను తలెత్తుతూనే ఉన్నాను. పాన్‌లు ఓడెక్కి టొబాగో వెళ్లాయి. నాలుగో రోజున ఆమె ఫోను చేసింది.

"లీరీ, ఈ ఆరూ ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తున్నాయి. మా పాతవాటితోనే కలవట్లేదు. కొంచెం పైకున్నాయి. పిల్లలు వాయిస్తుంటే పళ్లు పులుస్తున్నాయయ్యా."

ఫోను పెట్టేసి నేరుగా శ్రుతి గదికి వచ్చాను.

"ఏరా, నేను ఇంటికెళ్లాక నా పాన్‌ల మీద చెయ్యి పెట్టావా?"

కెర్విన్ దూది తీసుకున్నాడు. "ఏంటి మాస్టారూ?"

"వినపడలేదా? క్వాషీ నన్నడిగింది, నిన్నడగలేదు. ఓర్వలేకపోయావు. నా పాన్‌లకి సుత్తి తగిలించి శ్రుతి పైకెక్కించావు!"

సుత్తులన్నీ ఆగిపోయాయి. మెర్లీన్ గుమ్మంలోకి వచ్చి, "లీరీ, నోరు అదుపులో పెట్టుకో," అంది. కెర్విన్ మొహం కందిపోయింది. వాడు మెర్లీన్ వైపు తిరిగాడు.

"ఆంటీ, మీ సెల్ నుంచి ఆఫీసు ఫోనుకి చెయ్యండి," అన్నాడు. తర్వాత నా బల్ల మీదున్న పాన్ వైపు చూపించాడు. అది నేను ఆ వారమే చేసినది. "మాస్టారూ, మీరు ముందు ఒక స్వరం కట్టి, మిగతావన్నీ దాన్ని బట్టి కడతారు కదా, అది కొట్టండి."

గంట మోగింది. నేను పుల్లతో ఆ స్వరం మీద కొట్టాను.

రెండూ ఒకటే. వెంట్రుకవాసి తేడా లేదు. గంట ఆగిపోయాక కూడా పాన్‌లో అదే కూత సాగుతోంది.

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నలభై ఏళ్లుగా నా తలలో ఉన్న స్వరాన్ని పక్కకు నెట్టి ఆ పెట్టె వచ్చి కూర్చుంది. దానికి దారిచ్చింది నేనే. ఈల వేసినవాణ్ణి రెక్క పట్టుకుని బయటికి పంపినవాణ్ణి, వాడికొచ్చే ఫోన్లు వినడానికి చెవులు అప్పగించాను.

మళ్లీ ఫోను మోగింది. ఈసారి మిస్ క్వాషీయే. మెర్లీన్ తీగ సాగదీసి ఫోనును గుమ్మం దాకా తెచ్చి, మాటలు అందరికీ వినపడేలా పెట్టింది.

"లీరీ, ఏమీ అనుకోకు. వాటిని వెనక్కి పంపుతాను. ఈసారి ఆ కుర్రాడితో చేయించరాదూ? కెర్విన్ అటగా, పక్కన ఉంటే ఒకసారి ఇవ్వు."

ఫోను వాడికిచ్చాను.

"మేడమ్, నేను చెయ్యను," అన్నాడు కెర్విన్. "మీ పాతవాటి శ్రుతి మాస్టారి తలలో ఉంది, నా యంత్రంలో లేదు. తప్పు గంటది. అది తీసేస్తున్నాం. ఆయనే చేస్తారు."

అందరూ నా వైపు చూశారు. నాకు కన్నీళ్లు రావలసిన చోట కోపం వచ్చింది. చెయ్యి వాడిదే, పేరు వాడిదే, ఫోన్లు వాడివే. ఈ మంచితనం కూడా వాడికే ఉండాలా?

"ఇందాక అన్నది తప్పురా," అని మాత్రం అన్నాను. అదీ గొణిగాను. వాడు తలూపి దూది పెట్టుకున్నాడు.

నా పెట్టె మీట దీపానికి మార్చాను. పాన్‌లు ఓడ దిగి వచ్చాయి. పాతది కూడా ఒకటి పంపమని అడిగి తెప్పించుకుని, దాని పక్కనే ఒక్కో స్వరాన్నీ కిందికి దింపుతూ కూర్చున్నాను. దీపానికి వీపు పెట్టి కూర్చుంటే బాధ తప్పుతుందనుకున్నాను. తోమిన పాన్ అద్దంలా ఉంటుంది కదా, ఎరుపంతా అందులోనే తళుక్కుమంది.

పీపాలు కొట్టేవాళ్లు భోజనానికి వెళ్లారు. మెర్లీన్ కూడా వెళ్లింది. కెర్విన్ తల వంచుకుని పనిలో ఉన్నాడు, చూడలేదు. నేను సుత్తి పక్కన పెట్టి, లేచి వెళ్లి వాడి భుజం తట్టాను.

"నీకే," అన్నాను.

వాడు దూది తీసుకుని, "ఇంకా ఎవరూ ఎత్తలేదు కదా మాస్టారూ, నాకేనని ఎలా తెలుసు?" అన్నాడు.

"నాకు తెలుసులే. వెళ్లు."

వాడు వెళ్లాడు. నేను నా బల్ల దగ్గరికి వచ్చి, సుత్తి పట్టుకుని, తలుపు వైపు చెవి పెట్టాను. చాలాసేపు మాట్లాడుతున్నాడు. ఫోను వాడికే.